పీటర్ మెయిర్‌కి ఎనిమిది తాళ్లు

హల్, 4 ఫిబ్రవరి 1973

మీనా అక్కకు,

క్రిస్మస్ కార్డు తప్ప ఇంకేమీ పంపని తమ్ముడి దగ్గర్నుంచి ఇంత లావు కవరు వచ్చిందేమిటా అని కంగారు పడకు. నాకేం కాలేదు. డొరీన్ పోయి పద్నాలుగు నెలలైంది కదా, ఇల్లు పెద్దదైపోయింది. రేవులో పని కూడా ఈ మార్చితో ఆఖరు. అరవై దగ్గరపడ్డవాడికి వాళ్లు ఒక గడియారం ఇచ్చి చెయ్యి ఊపేస్తారు.

మొన్న రైల్వే స్టేషన్లో ఒక రంగుల పుస్తకం ఉచితంగా పంచుతుంటే తీసుకున్నాను. తీరా చూస్తే లోపల మన పోర్ట్‌స్కారీ! బొమ్మ చూసి అక్కడే బెంచీ మీద కూలబడ్డాను. ఏం రాశారో విను: "ఉత్తర సముద్రం ఒడిలో ఒదిగిన చిన్న ముత్యం. రంగురంగుల ఇళ్లు, నవ్వుతూ పలకరించే జనం, నేటికీ పడవలతో కళకళలాడే రేవు." నాకు ఏడుపొచ్చింది అక్కా. ఇరవై రెండేళ్లు ఈ ఇంగ్లీషు వాళ్ల మధ్య ఏం చేస్తున్నాను నేను?

రేవు పక్క సందులో చిన్న ఇల్లేదైనా దొరికితే వేసవికల్లా వచ్చేద్దామని ఉంది. ఊరు ఇప్పుడెలా ఉందో ఆ చివర నుంచి ఈ చివర దాకా ఉన్నదున్నట్టు రాయి. దాచకు.

పెద్దాయన ఎలా ఉన్నాడని నేను అడగను. ఆయన కూడా నా సంగతి అడగడని తెలుసు.

నీ తమ్ముడు,
వాట్


పోర్ట్‌స్కారీ, 11 ఫిబ్రవరి 1973

ఒరేయ్ వాట్,

ఈ రోజు ఆదివారం. ఆదివారం ఉత్తరం రాయడం ఈ ఊళ్లో ఇంకా పాపమే కాబట్టి కిటికీ తెర వేసి రాస్తున్నాను. ఎదురింటావిడ తన తెర వెనక నుంచి నా తెర వెనక ఏముందో చూడాలని తంటాలు పడుతోంది. ముత్యం అంటే ఇదే.

ఉన్నదున్నట్టు రాయమన్నావు. పేరు గొప్ప, ఊరు దిబ్బ. మూడు వీధులు, ఒక కొండ, పదకొండు వందల మంది. అంతమందికీ ఐదు చర్చిలు. ఒక చర్చిలో వాళ్లు ఇంకో చర్చి వాళ్లతో కలిసి టీ తాగరు. పై ఊరి వాళ్లకు కింద ఊరి మనం చేపల కంపు. కింద ఊరి మనకు పై ఊరి వాళ్లు నడుం వంచని సోమరిపోతులు. ఇద్దరమూ కలిసి అసహ్యించుకోవడానికి పక్క ఊరు ఒకటుంది, లేకపోతే ఎప్పుడో కొట్టుకుని చచ్చేవాళ్లం.

రేవు కళకళలాడుతోందా? రెండు పడవలున్నాయి. ఒకదానికి ఇంజన్ లేదు. మన బల్ల మీదికి వచ్చే చేప లారీలో వస్తుంది, అదీ పక్క ఊరి నుంచి. ఈ రెండు పడవలకీ ఒక హార్బర్ మాస్టరు, ఆయనకో టోపీ, ఒక ఈల. రైలు తీసేశారు. పట్టాలు పీకిన చోట కుక్కలను తిప్పుతారు.

రంగుల ఇళ్లు నిజమే. ప్రతి మేలో ఒకడు నీలం వేస్తాడు, వాడికంటే తనది మెరవాలని పక్కవాడు పసుపు వేస్తాడు. లోపల గోడలు చెమ్మ పట్టి ఊడిపోతుంటాయి. బయట రాయికీ రాయికీ మధ్య తెల్లగీత మాత్రం తాడు పట్టి గీసినట్టుండాలి. ఆదివారం పిల్లల ఉయ్యాలలకు గొలుసు వేసి తాళం పెడతారు, దేవుడు ఊగడం చూస్తే నొచ్చుకుంటాడని కాబోలు. ఇక నవ్వుతూ పలకరించే జనమంటావా, ఈ ఊరు పడీపడీ నవ్వింది బ్యాంకు మేనేజరు రేవులో పడ్డ రోజున. పన్నెండేళ్లవుతోంది. ఆ నవ్వునే ఇప్పటికీ పొదుపుగా వాడుకుంటున్నారు.

నువ్వడగకపోయినా చెబుతాను, అన్నయ్య బాగాలేడు. పక్షవాతం వచ్చి ఎనిమిదేళ్లు. కుడి పక్క లేదు, మాట లేదు. పొద్దున ఎత్తి కుర్చీలో కూర్చోబెడతాను, సాయంత్రం ఎత్తి పడుకోబెడతాను. వదిన బతికుంటే ఆవిడ చేసేది. పిల్లా పీచూ లేని మనిషి, నేను కాక ఎవరున్నారు? ఈ ముత్యాల ఊళ్లో ఒక్కడు వచ్చి ఒక పక్క పట్టింది లేదు.

ఓట్స్ జావ మాడుతోంది. ఉంటాను.

మీ అక్క
మీనా


హల్, 20 ఫిబ్రవరి 1973

అక్కా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. అర్థమైంది. నేను అక్కడికి రావడం నీకు ఇష్టం లేదు. ఆ ముక్క ఒక్క లైనులో రాస్తే సరిపోయేది, దాని కోసం ఊరంతటినీ తిట్టనక్కర్లేదు.

ఊరు నీకు చేదంటే ఎలా నమ్మను? అరవై మూడేళ్లలో నువ్వు ఆ ఊరు దాటి రెండు రాత్రులు ఎక్కడైనా పడుకున్నావా? అంత రోత ఊరైతే ఎప్పుడో పారిపోయేదానివి. నన్ను రానివ్వకూడదని పెద్దాయన తలతో సైగ చేసి ఉంటాడు, నువ్వు కాగితం మీద పెట్టావు. ఎప్పుడూ ఆయన పక్షమే కదా నువ్వు.

ఆయనకు అలా ఉందని విని బాధపడ్డాను. కానీ నేను మర్చిపోలేదు. కొత్తగా పెళ్లయిన పిల్ల, మన పద్ధతులు తెలియని పిల్ల, రెండు నెలలు కూర్చుని నాకో ఆకుపచ్చ స్వెటరు అల్లింది. పడవలో ఆకుపచ్చ కనబడితే అరిష్టమట. పదిమంది ముందు నా ఒంటి మీద నుంచి విప్పించి సముద్రంలో పారేశాడు. "దరిద్రాన్ని నీ పెళ్లాం ఉన్ని చుట్టి పంపిందిరా" అన్నాడు. డొరీన్ దాని గురించి చచ్చేదాకా ఒక్క మాట అనలేదు. అడిగినా నవ్వేది. అందుకే నాకు ఇంకా మంట.

వాట్


పోర్ట్‌స్కారీ, 2 మార్చి 1973

తెలివితక్కువ తమ్ముడికి,

ఇల్లు కొనుక్కోవద్దన్నాను, రావద్దనలేదు. ఊరు చెడ్డదని చెబితే అక్క చెడ్డదనుకునే బుర్ర నీకు ఆ హల్ నీళ్లతో వచ్చింది కాదు, ఇక్కడే పుట్టింది. మనం మెయిర్లం, మాట తిన్నగా వినం.

స్వెటరు విషయంలో తప్పు అన్నయ్యదే. ఆ సాయంత్రమే ఆయన మొహం మీద అన్నాను. రెండు వారాలు నాతో మాట్లాడలేదు. ఆ తర్వాత నీ పేరు ఆ ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. డొరీన్ మంచిది, నాకు ప్రతి పుట్టినరోజుకీ కార్డు రాసేది, నీకు తెలుసో లేదో. ఒక్క స్వెటరు కోసం ఇద్దరు మగాళ్లు ఇరవై రెండేళ్లు మొహం తిప్పుకోవడం ఈ తీరంలో తప్ప ఎక్కడా జరగదు. పైగా దాన్ని పౌరుషం అంటారు.

ఇప్పుడు అసలు సంగతి. అన్నయ్యకు ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. ఈస్టరు చూడడని డాక్టరు చెప్పాడు. మొన్న బుధవారం వడ్రంగి ఎబెన్ పీరీ వచ్చాడు, శవపేటిక కొలతలకు కాదు, తాళ్ల జాబితాకు. ఎనిమిది తాళ్లు, నీకు గుర్తుండే ఉంటుంది, ఎవరు ఏ తాడు పట్టుకుని గోతిలోకి దింపాలో మనిషి పోకముందే చెప్పాలి. ఎబెన్ ఒక్కో పేరూ చదివాడు, అన్నయ్య ఎడమ చెయ్యి వేలెత్తాడు.

ఎవరెవరో విను, ఊరు ఎలా ఉందో అడిగావుగా, ఇదే ఊరు. హార్బర్ మాస్టరు డంకన్, టోపీతో సహా. బేకరీ లెస్లీ, నిన్నటి రొట్టెకు ఇవాళ్టి ధర వేసే పెద్దమనిషి. చర్చి పెద్ద హెక్టర్, ఎనిమిదేళ్లుగా మన గేటు దగ్గర నిలబడి అన్నయ్య కోసం ప్రార్థన చేసి వెళ్తాడు, మెట్లు ఎక్కితే మోకాళ్లు నొప్పట. అవే మోకాళ్లతో కొండ మీద గోల్ఫ్ ఆడతాడు. పోస్టుమాన్ రాబీ, మన ఉత్తరాలు వెలుతురుకు పెట్టి చూస్తాడు, ఒరేయ్ రాబీ, ఇది కూడా చదువుకో. స్కూలు మాస్టరు. మన మేనమామ కొడుకులిద్దరూ, వాళ్లకు కాళ్ల వైపు తాళ్లు ఇస్తారని అప్పుడే మూతి ముడుచుకున్నారు. వీళ్లలో ఒక్కరికీ అన్నయ్య తలకింద దిండు ఎటు పెడితే నిద్రపడుతుందో తెలియదు. అయినా హోదాలున్నాయి, నల్ల కోట్లున్నాయి, కాబట్టి తాళ్లున్నాయి.

నాకో తాడు ఇమ్మని ఎబెన్‌ను అడిగాను. ఒరేయ్, నిజంగానే అడిగాను. వాడు కొలతబద్ద చేతిలో పట్టుకుని నవ్వాడు. "మీనా, ఆడవాళ్లు శ్మశానానికే రారు కదే, తాడెక్కడిది? నువ్వు ఇంట్లో వచ్చినవాళ్లకు హామ్ మాంసం కొయ్యి," అన్నాడు. నిజమే, ఇక్కడ ఆడది చచ్చినప్పుడే అక్కడికి వెళ్తుంది. కానీ ఆ ఏడుగురి చేతుల్లో మాత్రమే అన్నయ్యను దింపితే నేను భరించలేను. మన రక్తం ఒక్కటి ఆ గోతి పక్కన ఉండాలి. రా వాట్. ఆయనకు ఊపిరుండగా రా. ఇంతకంటే ఎక్కువ రాయకూడదు, మన పద్ధతి నీకు తెలుసు.

అక్క


హల్, 9 మార్చి 1973

అక్కా,

జాబితా బాగుంది. పాచి రొట్టెలవాడున్నాడు. ఈలవాడున్నాడు. ఇంకొకరి ఉత్తరాలు చదివేవాడున్నాడు. మేనమామ కొడుకులు ఒకరు కాదు, ఇద్దరున్నారు. తోడబుట్టినవాడు లేడు.

ప్రతి పేరూ వేలు పెట్టి చదివాను, రెండుసార్లు. తాళ్లలో చోటు లేనివాడిని నల్ల కోటు వేసుకుని గుంపులో వెనక నిలబడమని పిలుస్తున్నావా? అది చూసి ఊరు ఏమంటుందో నాకు తెలియదా? "అదుగో చిన్న మెయిరు, అన్న చచ్చేటప్పుడు కూడా క్షమించలేదు." బేకరీ లెస్లీ తల దగ్గర నిలబడి నన్ను చూసి పళ్లికిలిస్తాడు. ఆ ముచ్చట తీర్చడానికి పది గంటలు రైల్లో రావాలా నేను?

ఏడుగురున్నారు కదా, ఆ ఏడుగురే దింపుకోనివ్వు. నాకు చావు కబురు కార్డు పంపినా తెరవను.

నా మీద కోపం పెట్టుకోకు. నీ మీద నాకేమీ లేదు.

వాట్


పోర్ట్‌స్కారీ, 14 మార్చి 1973

వాట్,

కోపం కాదు, సిగ్గుగా ఉంది. ఈ ఊళ్లో పుట్టి ఈ ఊరి పద్ధతి మర్చిపోయినవాడిని మొదటిసారి చూస్తున్నాను. మన నాన్న పోయినప్పుడు ఎవరికి ఎలా తెలిసిందో గుర్తు తెచ్చుకో. నా చేత ఇంకేమీ రాయించకు, ఆయనకు ఇంకా ఊపిరుంది. నా వల్ల ఆయన ఆయుష్షు ఒక్క గంట తగ్గినా నన్ను నేను క్షమించుకోలేను. ఇలాంటివి నేను నమ్ముతానా అని అడుగుతావు. నమ్మను. కానీ చెయ్యను.

తాళ్లు ఎన్ని అని రాశాను? కూర్చుని లెక్కపెట్టు.

సోమవారం లోపల రా. రాత్రి ఆయన చెయ్యి తలుపు వైపు చాపాడు, ఎందుకో తెలియలేదు.

అక్క


తంతి, 19 మార్చి 1973

పీటర్ ఈ ఉదయం పోయాడు. శుక్రవారం పదకొండింటికి. రా. మీనా.


హల్, 21 మార్చి 1973

అక్కా,

తంతి అందింది. ఆ రోజంతా ఏమీ తినలేకపోయాను. ఎంత కాదన్నా చిన్నప్పుడు నన్ను భుజం మీద కూర్చోబెట్టుకుని అలల్లోకి తీసుకెళ్లినవాడు. ఈత నేర్పింది నాన్న కాదు, ఆయనే.

నీ మొన్నటి ఉత్తరంలో లెక్కపెట్టమన్నావు. నా మీద నీ ఎత్తిపొడుపు చాలక లెక్కలు కూడా నేర్పుతున్నావనుకుని మడిచి పెట్టేశాను. ఇప్పుడే ఎబెన్ పీరీ చేతిరాతతో నల్ల అంచు కవరు వచ్చింది. చావు కబురు ఊరందరికీ పంపినట్టే నాకూ పంపి ఉంటాడు. తెరవలేదు, గడియారం వెనక పెట్టాను. చెప్పిన మాట మీద నిలబడతాను.

రాలేను. తెల్ల పూల దండ ఒకటి పంపుతున్నాను, మంచిది, ఇక్కడ పెద్ద దుకాణంలో కట్టించాను. దండ మీద నా పేరు ఉంటే గొడవనుకుంటే చింపెయ్యి.

వాట్


పోర్ట్‌స్కారీ, 25 మార్చి 1973

వాల్టర్ మెయిర్ గారికి,

నీ దండ, నీ ఉత్తరం శుక్రవారం పొద్దున ఒకేసారి వచ్చాయి. నేను వంటింట్లో హామ్ కోస్తున్నాను, వంద మందికి సాండ్‌విచ్‌లు. వీధిలోని ఆడవాళ్లందరూ చేరి, బతికున్నన్నాళ్లూ "ఆ మొండి ముసలాడు" అన్నవాళ్లే, పీటర్ అంతటివాడు ఈ తీరంలో పుట్టలేదని కళ్లొత్తుకుంటున్నారు. చచ్చినవాడి కళ్లు చారెడు కదా. నీ ఉత్తరం చదివి కత్తి కింద పెట్టాను. కోటు వేసుకున్నాను. "ఎక్కడికే?" అంది ఎదురింటావిడ. "అన్నయ్యతో" అన్నాను.

పేటిక వెనకే నడిచాను. మగాళ్లు ఒక్కొక్కరే వెనక్కి చూసి, చూడనట్టు ముందుకు తిరిగారు. ఆ మర్యాదే మనవాళ్లకు బాగా చేతనవును. పాస్టరు ఒకసారి దగ్గాడు. శ్మశానం గేటు దగ్గర డంకన్ అడ్డం నిలబడబోయాడు, ఈల ఇంట్లో మర్చిపోయాడు కాబోలు, తప్పుకున్నాడు.

ఎబెన్ కాగితం తీసి పిలిచాడు. "ఒకటో తాడు, తల దగ్గర. వాల్టర్ మెయిర్."

అవును, నువ్వే. ఊపిరుండగా ఎవడి తాడు సంగతి వాడితో చెప్పకూడదు, చెబితే ఇద్దరికీ కీడు. అందుకే నీకు ఏడు పేర్లే రాశాను. ఎనిమిది తాళ్లని ముందే చెప్పి, ఏడు పేర్లు రాస్తే, ఇక్కడ ఆరేళ్ల పిల్లకైనా తెలుస్తుంది ఆ ఎనిమిదో మనిషి ఎవరో. నాన్న అప్పుడు మనకు తెలిసిందీ అలాగే. నీకు మాత్రం ఆ కాగితంలో నీ పేరు లేకపోవడం ఒక్కటే కనబడింది. ఏడుగురే దింపుకోనివ్వమని నీ చేత్తోనే రాశావు కూడా.

ఇంకోటి విను. మిగిలిన ఏడు పేర్లకూ ఎబెన్ చదివితే వేలెత్తాడు. ఒకటో తాడుకు ఎబెన్ ఎవరి పేరూ చదవలేదు, నీ పేరు ఆ ఇంట్లో పలకడానికి వాడికి భయం. అన్నయ్య నోరు తెరిచాడు. మూడుసార్లు ప్రయత్నించాడు, చొంగ కారింది, నేను తుడిచాను. నాలుగోసారి "వాట్" అన్నాడు. ఎనిమిదేళ్లలో ఆయన నోటి నుంచి వచ్చిన ఒకే ఒక్క పేరు అది. నేను ఎత్తాను, దింపాను, కడిగాను, తినిపించాను. నా పేరు ఒక్కసారీ రాలేదు. నాకు ఏడుపొచ్చిందో, కోపమొచ్చిందో ఇప్పటికీ తెలియదు. రెండూ వచ్చాయి.

ఎబెన్ మూడుసార్లు పిలిచాడు. మనిషి రాకపోతే దగ్గరున్న మగాడు పట్టుకోవాలి కదా, తన తాడు ఇంకొకడికి వదిలి తల దగ్గరికి రావాలని హెక్టర్ అప్పుడే చేతి తొడుగులు విప్పుతున్నాడు. మోకాళ్లు ఎంత చక్కగా పనిచేశాయో చూడాల్సింది. నేను ముందుకెళ్లి తాడు తీసుకున్నాను.

"మీనా, ఇది ఆడవాళ్ల పని కాదమ్మా," అన్నాడు మెల్లిగా.

"గేటు దగ్గర్నుంచి ప్రార్థన చేసుకో హెక్టర్, నీకు అలవాటేగా," అన్నాను.

ఎవరో వెనక నవ్వి, నవ్వు మింగారు. ఎబెన్ నా వైపు చూశాడు. "బరువుంటుందే మీనా. జారితే పరువు పోతుంది."

"ఆయన బరువు ఈ ఊళ్లో నాకొక్కదానికే తెలుసు. నువ్వు మిగతా వాళ్లని చూసుకో," అన్నాను.

దింపాం. కాళ్ల వైపు ఇద్దరూ ఎవరు ముందు వదలాలని వాదులాడుకుంటూ తాళ్లు గుంజారు, పేటిక ఒకవైపు ఒరిగింది. లెస్లీ మొహం పిండిలా తెల్లబోయింది. తల వైపు ఒక్క అంగుళం కూడా ఒరగలేదు. రోజూ ఎలా పడుకోబెట్టేదాన్నో అలాగే దింపాను, ముందు తల, తర్వాత నెమ్మదిగా మిగతాది. మిగతా ఏడు తాళ్లూ గోతిలో పడ్డాయి. నాది వదలమని ఎబెన్ రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది.

నిన్న బేకరీలో నాకు రొట్టె ఇస్తూ లెస్లీ మొహం ఎత్తలేదు. ఎదురింటావిడ పలకరించడం మానేసింది, అదొక్కటే నాకు మిగిలిన లాభం. పాస్టరు ఇవాళ ప్రసంగంలో వినయం గురించి ముప్పావుగంట చెప్పాడు. నేను మూడో వరుసలో కూర్చుని మొదటి నుంచి చివరి దాకా ఆయన కళ్లల్లోకే చూశాను.

నువ్వు వస్తావో రావో నీ ఇష్టం. ఇల్లు కొనుక్కో, కొనుక్కోకు. నిన్ను క్షమించానని అబద్ధం రాయను. ఆ గడియారం వెనక ఉన్న కవరు ఈ ఉత్తరం చదివాక తెరువు. లోపల తాడు పట్టేవాళ్లకు ఎబెన్ పంపే కార్డు, దాని మీద పేటిక బొమ్మ ఉంటుంది, తల దగ్గర ఒకటని అంకె, దాని పక్కన నీ పేరు. అది నీదే, దాచుకో. నాకు ఎవరూ కార్డు పంపలేదు. దింపింది నేను.

విలియమీనా మెయిర్